పద్నాలుగో రీలు

పోయినవన్నీ ముందే చెప్పేస్తాను. మా అమ్మ, నా భార్య, అయిదేళ్ళ కొడుకు. ఈ ముగ్గురూ తొమ్మిది రోజుల్లో పోయారు, మా ఊళ్ళో వాంతిభేదులు తగిలిన ఏడాది. ఆ తర్వాత రెండు ఎద్దులు, ముప్పై రెండు సెంట్ల మడి, బావిలో మాకున్న నాలుగో వంతు పాలు. ఇంటికి తాళం వేసి వచ్చాను, తాళంచెవి ఎక్కడో పడిపోయింది. కొడుకు వెండి మొలతాడు వాడితోనే పంపించాను కాబట్టి దాన్ని పోయినవాటిలో వేయాలో వద్దో ఇప్పటికీ తేల్చుకోలేదు. నా భార్య పనిచేసుకుంటూ పాడే పాటల్లో రెండు సగం సగం గుర్తున్నాయి. మిగతావి ఎన్నో తెలియదు. ఆమె పాడేటప్పుడు నేను లెక్కపెట్టలేదు.

ఊళ్ళోవాళ్ళు ముగ్గురు పోయారనేవాళ్ళు. నా లోపల మాత్రం నాలుగని ఉండేది. ఆ నాలుగోది నా కూతురు. అప్పటికి పదకొండు నెలల పిల్ల. చచ్చిపోలేదు. నా భార్య తల్లి, మా అత్త, ఏర్పేడు అవతలి పల్లె నుంచి వచ్చి, పిల్లను కొంగులో చుట్టుకుని తీసుకుపోయింది. నేను తలెత్తి చూడలేదు.

ఎందుకు చూడలేదో కూడా చెప్పాలి. జబ్బు రాకముందే తాలూకా నుంచి ఒక మనిషి వచ్చి నీళ్ళు కాచి తాగమని ఇంటింటికీ చెప్పి పోయాడు. యుద్ధం రోజులు, కట్టెలు దొరకడం కష్టంగా ఉండేది. మా ఇంట్లో మూడు మోపులున్నాయి. అయిదుగురికీ నీళ్ళు కాస్తే ఆరు రోజులకు సరి. పసిదానికి మాత్రమే కాస్తే నెల వస్తాయి. "దానికి మాత్రం కాచండి, మనకేమవుతుంది" అన్నాను. నా లెక్కలో తప్పు లేదు. వాళ్ళు పోయిననాటికి రెండు మోపులు మిగిలే ఉన్నాయి. నేనూ ఆ పచ్చినీళ్ళే తాగాను, నాకేమీ కాలేదు. ఆ పిల్ల ముఖం ఎప్పుడు తలచుకున్నా నాకు ఆ రెండు మోపులే కనిపించేవి.

చిత్తూరు చేరి మామిడికాయల మండీలో కాయలు లెక్కపెట్టే పనిలో కుదిరాను. నాకు బడి చదువు లేదు. ఎక్కాలు ఎవరి అరుగు మీదో పిల్లలు వల్లిస్తుంటే విని పట్టుకున్నవి, మిగతా లెక్కలు అవసరం కొద్దీ నాకు నేను నేర్చుకున్నవి. మండీలో ఒకటి అనకూడదు. మొదటిదాన్ని లాభం అంటారు, తర్వాత రెండు, మూడు. ధాన్యం కొలిచేవాళ్ళదీ అదే పద్ధతి. మనిషి ఏ గుట్ట ముందు కూర్చున్నా ఆ పూటకు లాభంతోనే మొదలు. నాకు ఆ మాట నాలుక మీద ఎంత అలవాటైందంటే, మెట్లెక్కినా, మాత్రలు మింగినా మొదటిది లాభమే.

పిల్లకు నెలనెలా మూట పంపేవాణ్ణి. బెల్లం, కందిపప్పు, వేరుశెనగలు, ఏడాదికి రెండుసార్లు గుడ్డ. దాన్ని చేర్చేది మా అత్త ఊరికి కోడలిగా వచ్చిన ఒక ముసలామె. పుట్టిల్లు తడ దగ్గర. అక్కడి నుంచి ఎండుచేపలు తెచ్చి తిరుపతిలో రైలు గేటు అవతల అమ్ముకునేది. వాళ్ళది క్రైస్తవ కుటుంబం. నేను ఆమెను చేపలవ్వ అనేవాణ్ణి. నెలకొకసారి, పెట్రోలు కరువులో బొగ్గుతో నడిచే బస్సెక్కి తిరుపతికి వచ్చి ఆమె చేతికి మూట ఇచ్చి, అదే బస్సుకు తిరిగి పోయేవాణ్ణి.

నేను చెప్పబోయే రోజు కార్తీకంలో ఒక ఆదివారం. పొద్దుటి నుంచీ మబ్బు. చేపలవ్వ మూట అందుకుని చేత్తో తూకం చూసినట్టు ఎత్తింది.

"ఇంగా ఎన్నాళ్ళు మూటలు పంపిస్తావబ్బా? మూటకు కాళ్ళుండాయి, నీకు లేవా?"

"ఈ సీజను పోనీ అవ్వా, వస్తాలే."

"ఈ మాట నాలుగు సీజన్లు యిన్నా. మామిడిచెట్టన్నా ఒక ఏడు కాయకుండా నిలస్తాది గానీ, నీ మాట మాత్రం ఏటేటా కాస్తా ఉండాది."

నేను నవ్వేశాను. అంతలో వాన మొదలైంది. ఎదురుగా ఖాళీ జాగాలో గుడారం సినిమా దిగి వారమైంది. ఆ రోజు పగటి ఆట. బయట సముద్రం, పడవ గీసిన అట్టమీద పెద్ద అక్షరాలతో, పేరుపొందిన ఇంగ్లీషు నవలను సినిమా పటంగా తీసినారనీ, తెలుగులో వివరించబడుననీ, పద్నాలుగు రీళ్ళనీ రాసి ఉంది.

"పద, లోపలికి పోదాం" అంది చేపలవ్వ, గంప నెత్తికెత్తుకుంటూ. "ఈ వానలో తడిసినాయంటే నా చేపలు మళ్ళా ఈదతాయి."

గుడారంలో ఇసుక పోసి ఉంది. గంప దించగానే చుట్టూ ముక్కులు మూసుకున్నారు. ఎవరో గంప బయట పెట్టమన్నారు.

"సముద్రం బొమ్మ సూసేదానికి వచ్చి సముద్రం వాసన వద్దంటే యెట్లప్పా?" అంది ఆమె, కదలకుండా.

పగటి వెలుతురు రాకుండా గుడారానికి నల్లగుడ్డ కప్పారు. అయినా గుడ్డకు సూదిమొన అంత చిల్లులు ఎన్నో ఉన్నాయి. తల ఎత్తితే పట్టపగలు చుక్కలు పొడిచినట్టుంది. ఒక్కో చుక్క నుంచి ఉండి ఉండి ఒక్కో నీటిబొట్టు రాలేది. చీకట్లో ఎవరి మీద పడితే వాళ్ళు ఉలిక్కిపడి నవ్వేవాళ్ళు. బయట వాన గుడ్డను వేళ్ళతో తడుతున్నట్టు వినిపిస్తోంది. నాకు నిద్రకూ మెలకువకూ మధ్య ఎక్కడో కూర్చున్నట్టుంది.

తెర పక్కన రేకు గొట్టం పట్టుకుని ఒకాయన నిలబడ్డాడు. మిషన్ బళ్ళో అయ్యవారు. ఆ నవల చదివినవాడు కాబట్టి బొమ్మ నడుస్తుండగా కథ తెలుగులో చెప్పే పని ఆయనకు ఒప్పగించారు.

తెర మీద చెట్టన్నది లేని దేశం. రాతి ఇళ్ళు, బూడిదరంగు సముద్రం. అక్కడ పడవలు చేసే ఒకడు. పెళ్ళీ పిల్లలూ లేరు. ఎవరి పడవ చిల్లు పడినా బాగుచేసి ఇస్తాడు. తాగి పడిపోయిన ముసలివాణ్ణి మోసుకొచ్చి కాళ్ళు కడుగుతాడు. ఊళ్ళో జాలరులు అతణ్ణి ఒకసారి నెత్తిన పెట్టుకుంటారు, ఒకసారి ఛీ పొమ్మంటారు. ఒకే యంత్రం కావడంతో ఒక్కో రీలు అవగానే ఆపి, దీపం ఎత్తి, ఇంకోటి ఎక్కించేవాళ్ళు. మొదటిసారి దీపం వెలగగానే నా నోటివెంట "లాభం" అని వచ్చేసింది.

"ఈడ కూడానా!" అని చేపలవ్వ నా భుజం మీద కొట్టింది.

ఆరు దాకా కథ తిన్నగా సాగింది. ఏడో రీలు మొదలయ్యేసరికి, అంతకుముందు కత్తులు దూసుకుంటున్న ఇద్దరు జాలరులు భుజాల మీద చేతులు వేసుకుని నడుస్తున్నారు. "నడుమ వాళ్ళు కలిసిపోయినారు" అన్నాడు అయ్యవారు గొట్టంలో, కొంచెం తడబడి. నేను వెనక్కి తిరిగి చూశాను. యంత్రం వెనుక దండెం మీద నల్లటి రిబ్బను మాదిరి ఏదో బారలు బారలుగా ఆరేసి ఉంది. ఆపరేటరు తీరిక దొరికినప్పుడల్లా దానికి విసనకర్రతో విసురుతున్నాడు.

చివరికి తుఫాను. దూరంగా ఓడ బండకు తగిలి విరిగింది. పడవవాడు నడుముకు తాడు కట్టుకుని సముద్రంలోకి దిగాడు. తాడు రెండో కొస జాలరుల చేతుల్లో ఉంది. మునిగేవాళ్ళను ఒక్కొక్కరినే ఒడ్డుకు చేరుస్తున్నాడు. ఒక పెద్ద అల లేచింది. జాలరులు భయపడ్డారు. తాడు వదిలేశారు. తెల్లవారాక ఇసుక మీద అతని శవం, విరిగిన పడవ దూలానికి రెండు చేతులూ చాచి చిక్కుకుని ఉంది. తాడు వదిలినవాళ్ళు దూరంగా నిలబడి చూస్తున్నారు. తెర తెల్లబడింది. దీపం వెలిగింది. ఆడవాళ్ళు కళ్ళు తుడుచుకుంటూ లేస్తున్నారు.

నాకు బాధే. కానీ పదమూడు.

లేచి నిలబడి గట్టిగా అన్నాను. "పదమూడే అయినాయి. అట్ట మీద పద్నాలుగు అని రాసినారు."

గుడారమంతా నావైపు తిరిగింది. తర్వాత ఆపరేటరు వైపు తిరిగింది.

"రీలు మింగినారా?"

"వానలో తడిసిందబ్బా!" అన్నాడు ఆపరేటరు. "రాత్రి ఈ పటం బస్సు మీద తెచ్చేటప్పుడు డబ్బా మూత ఊడిపోయింది. కథకేమన్నా లోటొచ్చిందా?"

"కథ సంగతి కాదు, లెక్క సంగతి!" అని వెనక నుంచి ఎవరో అరిచారు.

"నా టికెట్టులో పద్నాలుగో వంతు తెంపి తిరిగియ్యి!" అని ఇంకొకడు.

ఆపరేటరు దండెం దగ్గరికి పోయి రిబ్బనును వేళ్ళతో తాకి చూశాడు. "ఆరినట్టే ఉండాది. ఏస్తా, కూసోండి. ముందూ వెనకా అయిందని మళ్ళా నన్ను అడగబాకండి."

దీపం ఆర్పారు. వాన కూడా సన్నబడింది.

తెల్లవారుజాము. సముద్రం మీద మంచు. రీలు ఇంకా పూర్తిగా ఆరలేదేమో, బొమ్మ అంచుల్లో నీటి మరకలు కదులుతున్నాయి. తెరే తడిసి ఊగుతున్నట్టుంది. పడవలో జాలరులు, ఖాళీ వలతో, ఒకరి ముఖం ఒకరు చూసుకోకుండా కూర్చున్నారు. దూరంగా ఒడ్డున ఎవరో గొంతుక్కూర్చుని నిప్పు ఊదుతున్నాడు. పడవ దగ్గరికి వస్తోంది. పొగ పక్కకు తొలగింది. అతను తల తిప్పాడు.

చచ్చిపోయినవాడే.

"లేచినాడు" అన్నారు ఎవరో, చాలా మెల్లగా. ఆ మాట ఇసుక మీద కూర్చున్నవాళ్ళ మధ్య పాకిపోయింది. అయ్యవారు గొట్టం నోటిదాకా ఎత్తి మళ్ళీ దించాడు. తెరలో వాళ్ళు ఇంగ్లీషులో ఏదో అంటున్నారు, అలల చప్పుడు వినిపిస్తోంది, అంతే.

అతను బొగ్గుల మీద చేపలు పెట్టాడు. రొట్టె తుంచి ఒక్కొక్కరికీ ఇచ్చాడు. జాలరులు తలలు వంచుకున్నారు. ఆరో రీలులో కొట్లాడుకున్నందుకు వాళ్ళకా సిగ్గు, అది నాకు తెలుసు. ఈ రీలు ఉండాల్సిన చోటు ఆరుకూ ఏడుకూ నడుమ అనీ తెలుసు. దీన్ని వేయించింది నేనే. అన్నీ తెలిసి కూడా, వీళ్ళు తాడు వదిలేసినందుకే తల వంచుకున్నారని నా కళ్ళు చెప్పాయి. అతను తాడు ఊసే ఎత్తలేదు. నిప్పు తగ్గినప్పుడల్లా చెయ్యి పక్కకు చాచి, చేతికందిన చెక్కను చూడకుండా తీసి మంటలో వేస్తున్నాడు. నేను ఆ చెక్కలు లెక్కపెట్టబోయాను. లాభం, రెండు, మూడు, నాలుగు. అక్కడ మర్చిపోయాను. నాకు ఊహ తెలిసినప్పటి నుంచీ మొదలుపెట్టిన లెక్క మధ్యలో వదిలింది లేదు.

తర్వాత కొంతసేపు నేను చూసింది తెర మీదిదో, కాదో చెప్పలేను. ఆ నిప్పు దగ్గర మా అమ్మ ఉంది. తమలపాకు మడుస్తోంది. నా భార్య కొడుకు తల తుడుస్తోంది. వాడి మొల దగ్గర వెండి మెరిసింది. వాళ్ళు నావైపు చూడలేదు, పిలవలేదు, కోపంగానూ లేరు. ఒక మనిషి కూర్చునేంత చోటు మాత్రం వదిలి కూర్చున్నారు. కట్టెలు మండుతూనే ఉన్నాయి. ఎవరూ వాటి గురించి మాట్లాడలేదు. పైనుంచి ఒక బొట్టు నా చెంప మీద పడింది. తుడుచుకుంటే చెంప అంతా తడిగా ఉంది.

"ఉప్పు పుయ్యకుండా కాలస్తా ఉండాడు సూడు, పిచ్చోడు" అంది పక్కన చేపలవ్వ. కొంగుతో ముక్కు తుడుచుకుంది.

రీలు అయిపోయింది. దీపం వెలిగించలేదు. చాలాసేపు ఎవరూ లేవలేదు. ఆ తెల్లగుడ్డనే చూస్తూ కూర్చున్నారు. పద్నాలుగు అని నేను అనలేదు.

బయటికొచ్చేసరికి వాన వెలిసింది. కొండ మీద మబ్బు దిగి ఉంది. అయ్యవారు మమ్మల్ని వెతుక్కుంటూ వచ్చాడు.

"రీలు తక్కువైందని లేసింది నువ్వేనా అప్పా?"

"నేనే. తప్పైపోయింది అయ్యవారూ."

"ఆ పుస్తకం నేను మూడుసార్లు చదివినా. అందులో ఆయన చచ్చిపోతాడు, ఆడికి అయిపోయింది. చేపలు కాల్చేది నడిమధ్యలో యాడనో ఉండాది. రాసినాయన ఆడ దాచిపెట్టినాడేమో. పటం తీసినవాళ్ళూ ఆడే పెట్టినారు." ఆయన కళ్ళద్దాలు తీసి పంచె అంచుతో తుడిచాడు. "మా బైబిలు సువార్తలో చేపలు కాల్చేది చిట్టచివర, ప్రభువు సమాధిలోనుంచి లేచినంక వస్తాది. ఇరవై ఏండ్లుగా బళ్ళో పిల్లోళ్ళకు చెప్తా ఉండా. ఈ పొద్దు సూసినా."

"లెక్క ప్రకారం వరుస తప్పు కదా" అన్నాను.

"తప్పే" అని నవ్వాడు. "రేపటి ఆటకు వరుసగా ఏస్తారంట. నేను చెప్పేదానికి రానన్నా."

ఆయన పోయాక చేపలవ్వ గంప సర్దుకుంటూ, "రేప్పొద్దున బండికి పోతా. మూట నా దగ్గిరే ఉండాది. వస్తే రా, లేకపోతే లే" అంది. చిత్తూరు బస్సు కొలిమిలో బొగ్గు రాజేస్తున్నారు. నేను ఎక్కలేదు.

మర్నాడు రైల్లో ఆమెకు కట్టెల సంగతి చెప్పాను. అప్పటిదాకా ఎవరికీ చెప్పలేదు. "దాని మొగం సూస్తే నాకు ఆ మోపులే కనపడతాయి అవ్వా. నన్ను అడిగితే ఏం చెప్పేది?" అన్నాను. ఆమె కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చుంది. ఏర్పేడులో దిగాక, "అడగనీ. అడిగేదానికి బిడ్డ ఉండాది కదా" అంది.

ఊళ్ళోకి రెండు మైళ్ళు నడిచాం. మా అత్త ఇంటి ముందు ఒక పిల్ల వేరుశెనక్కాయలు ఒలుస్తోంది. చేపలవ్వ నన్ను అక్కడ వదిలి, తనింటికి తిరిగిపోయింది. పిల్ల నన్ను చూసి, ఎవరని అడగకుండా లోపలికి పోయి చెంబుతో నీళ్ళు తెచ్చింది. చెంబు గోరువెచ్చగా ఉంది.

"కాచిన నీళ్ళే" అంది. "మా ఇంట్లో పచ్చినీళ్ళు తాగం. మా నాయన చెప్పినాడంట, బిడ్డకు కాచే పొయ్యమని."

నేను చెంబు పట్టుకుని నిలబడిపోయాను. మా అత్త గడపలోకి వచ్చింది. నా భార్య కళ్ళే ఆమెవీ. "వచ్చినావా" అంది.

"ఎవరవ్వా?" అంది పిల్ల.

"మీ నాయన."

పిల్ల నా రెండు చేతులూ, వెనకవైపూ చూసింది. "మూట యేదీ?"

"మూట చేపలవ్వ దగ్గర ఉండాది."

"అయితే నువ్వెందుకొచ్చినావు?"

నీళ్ళు తాగాను. మా అత్త లోపలికి పోయి పొయ్యి రాజేస్తున్న చప్పుడు వినిపించింది. పిల్ల మళ్ళీ కాయలు ఒలవడం మొదలుపెట్టింది. నేను పక్కన కూర్చుని నాలుగు ఒలిచాక తల ఎత్తకుండానే అడిగింది.

"ఎన్ని దినాలు రాలే నువ్వు?"

లెక్క అడిగితే నా నోరు ఆగదు. "పదహైదు నూర్ల ముప్పై ఆరు" అన్నాను.

"ఇరవై కంటే పెద్దదా?"

"పెద్దదే."

దానికి అప్పటికి ఇరవై దాకానే వచ్చు. వేళ్ళు మడిచి చూసుకుంది. "అట్లయితే అన్ని దినాలూ ఈడ ఉండాల. నేను లేసినప్పుడు ఉండాల, పండుకునేటప్పుడూ ఉండాల. నడుమ యాడికన్నా పోతే అది దినం కాదు."

ఒప్పుకుని అక్కడే ఉండిపోయాను. సీజనులో మండీకి పోక తప్పదు. పోయిన రోజులు కొత్త అప్పు కింద వస్తాయా అని ఒకసారి అడిగాను. అప్పటికి ఏడేళ్ళు దానికి. "చెప్పి పోయింది అప్పు కాదు నాయనా. చెప్పకుండా పోతేనే" అంది.

ఆ పటం మళ్ళీ ఎక్కడైనా వస్తుందేమోనని నాలుగేళ్ళుగా కనుక్కుంటూనే ఉన్నాను. వరుసగా వేస్తే చూడాలని ఉందో లేదో నాకే తెలియదు. అయ్యవారు ఒకసారి కనిపించి, ఆ పద్నాలుగో రీలు చూపించిన దేవుడు నీ దేవుడా నా దేవుడా అని అడిగాడు. తెలియదన్నాను. ఇప్పుడూ తెలియదు. పొద్దున లేచి పొయ్యిలోకి చేతికందిన కట్టె పెడతాను, ఎన్ని పెట్టానో చూడను. ఇంట్లో నేను లెక్కపెట్టని పని అదొక్కటే.

పిల్లకు తొమ్మిదేళ్ళు నడుస్తున్నాయి. తీసివేతలు నాకంటే తొందరగా చేస్తుంది. వారానికొకసారి నా చేత చెప్పించుకుని సరిచూస్తుంది. నిన్నటి దాకా ఇచ్చింది ఆరు వందల యాభై తొమ్మిది రోజులు. ఈ రోజును చేర్చలేదు, పిల్ల ఇంకా పడుకోలేదు. పెరట్లో ఎవరితోనో పోట్లాడుతోంది. ఇంకా ఇవ్వాల్సింది ఎనిమిది వందల డెబ్బై ఏడు.